గుడ్డ బీరువా నిండా ఉంది, ఆరేళ్ళలో పూర్తయిన బొంతలు నాలుగే: ఏం చేయమంటారు?

వేలచ్చేరి సూదిదారం:

అందరికీ నమస్కారం. చెన్నైలో వేలచ్చేరిలో ఉంటూ ఆరేళ్ళుగా అతుకుల బొంతలు కుడుతున్నాను. నిజం చెప్పాలంటే కుట్టడం తక్కువ, కుట్టాలని గుడ్డ కొనడం ఎక్కువ. ఇప్పటికి నాలుగు బొంతలు పూర్తయ్యాయి, మూడు సగంలో ఆగాయి. గుడ్డ మాత్రం ఒక బీరువా, మంచం కింద రెండు పెట్టెలు, అటక మీద ఒక సూట్‌కేసు నింపేసి, ఇప్పుడు మా అబ్బాయి పుస్తకాల అరలోకి పాకుతోంది.

ఇది ఒక్కసారిగా వచ్చిపడినది కాదు. మా ఊరు మచిలీపట్నం కాబట్టి, వెళ్ళిన ప్రతిసారీ పెడన అద్దకం గుడ్డ రెండు మూడు రకాలు తెచ్చుకోకుండా తిరిగి రాలేను. ఇక్కడ గోడౌన్ స్ట్రీట్‌లో తాను చివర మిగిలిన ముక్క చవకగా వస్తుందంటే ఆగలేను. ఇవి చాలవన్నట్టు, పేరంటాల్లో తాంబూలంతో పాటు ఇచ్చిన రవికె గుడ్డలు ఎన్నో ఏళ్ళవి పోగుపడి ఉన్నాయి.

పోయిన వారం మనసు కష్టపెట్టే సంగతి ఒకటి జరిగింది. 2021లో కొన్న కలంకారీ, ఎర్ర నేల మీద నల్ల తీగలున్నది, నాలుగు మీటర్లు, ఏదైనా మంచి బొంతకు వాడదామని ముట్టుకోకుండా దాచాను. గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మరీ దాచాను. ఇప్పుడు విప్పి ట్యూబులైటుకు అడ్డంగా పట్టుకుంటే మడత వెంబడి ఆవగింజంత చిల్లులు వరసగా కనిపించాయి, ఒక్కొక్క దాంట్లోంచి వెలుతురు పడుతోంది. పక్క మడత మీద పసుపు చార ఒకటి ఉంది. దాన్ని ముందే కత్తిరించి వాడుకుని ఉంటే ఈపాటికి ఎవరో ఒకరు కప్పుకుని పడుకునేవారు.

ఉన్నదాంట్లో ఏది ఉంచుకోవాలో, ఏది వదిలించుకోవాలో మీరంతా ఎలా తేల్చుకున్నారు? ఇంత పెట్టుకుని కూడా, కుట్టడానికి కూర్చున్న ప్రతిసారీ సరైన గుడ్డ లేదని మళ్ళీ బజారుకు ఎందుకు వెళ్తున్నానో కూడా నాకు అర్థం కావడం లేదు.

అణ్ణానగర్ లెక్కలాయన:

సూదిదారం గారూ, మా ఇంట్లో బొంతలు కుట్టేది మా ఆవిడ, లెక్క చూసేది నేను. మీరు ముందు చేయవలసిన పని ఏరడం కాదు, తూకం వేయడం. ప్రయాణాల్లో పెట్టె తూచుకునే చిన్న కాటా ఉంటే చాలు.

బొంతలకు వాడే మామూలు నూలు గుడ్డ చదరపు మీటరుకు సుమారు 120 నుంచి 150 గ్రాముల దాకా తూగుతుంది. 44 అంగుళాల పన్నా ఉన్న గుడ్డ మీటరుకు దాదాపు 150 గ్రాములు వస్తుంది, అంటే కిలోకు ఆరున్నర మీటర్లు. 90 అంగుళాల వెడల్పు, 108 అంగుళాల పొడవు ఉండే పెద్ద మంచం బొంత తీసుకోండి. పై పొరకు, కుట్టు లోపలికి పోయేదీ కత్తిరింపులో పోయేదీ కలిపి, ఏడు మీటర్లు పడుతుంది. అడుగు పొరకు ఆరు, చుట్టూ వేసే పట్టీకి ముప్పావు మీటరు. మొత్తం పద్నాలుగు మీటర్లు అనుకుంటే, మధ్యలో పెట్టే దూది పొర కాకుండా, ఒక బొంతకు రెండు కిలోల పైచిలుకు గుడ్డ పడుతుందన్నమాట. మీ దగ్గరున్న కిలోలను దీనితో భాగిస్తే ఎన్ని బొంతలకు సరిపడా ఉందో తెలుస్తుంది. ఆ సంఖ్యను మీరు ఏడాదికి కుట్టే బొంతల సంఖ్యతో భాగించండి. వచ్చిన ఏళ్ళను మీ వయసుకు కలిపి చూసుకోండి.

ఆయుష్షులో కుట్టి పూర్తి చేయలేనంత గుడ్డ పోగేసుకోవడానికి అమెరికా వాళ్ళు 'సేబుల్' అని ఒక పొడి అక్షరాల పేరే పెట్టుకున్నారు. మా ఆవిడ మొదటిసారి తూచినప్పుడు తేలిన వయసు 93. ఆ రోజు ఆమె నాతో మాట్లాడలేదు గానీ, తరువాతి ఏడాది గుడ్డ కొనలేదు.

మైలాపూరు బామ్మ:

అమ్మాయీ, నీ కలంకారీ గుడ్డ సంగతి చదివి బాధపడ్డాను. గంజి పెట్టి దాచడమే అక్కడ జరిగిన పొరపాటు. గంజి మనకు బిరుసు, వెండిరంగు పురుగుకు అన్నం. దాచే గుడ్డను గంజి లేకుండా ఉతికి, పూర్తిగా ఆరబెట్టి, ఇస్త్రీ చేయకుండా వదులుగా మడవాలి. ఈ ఊళ్ళో సముద్రపు తేమ ఏడాది పొడుగునా ఉంటుంది, ఐప్పసి నెల (అక్టోబరు, నవంబరు) వానలప్పుడు చెప్పనక్కరలేదు. అందువల్ల ప్లాస్టిక్ సంచిలో పెడితే లోపలి తేమ బయటికి పోయే దారి ఉండదు. మెత్తబడిన పాత పంచెను ఉతికి, అందులో చుట్టి పెట్టు. ఆరు నెలలకొకసారి విప్పి, నీడలో గాలికి ఆరవేసి, పాత మడత మీద కాకుండా వేరే చోట మడత వెయ్యి. కలరా ఉండలు వేసేటట్టయితే గుడ్డకు తగలకుండా వేరే మూటలో ఉంచాలి, పసిపిల్లలున్న ఇంట్లో అసలే వద్దు. నేను ఎండు వేపాకు వాడతాను. అది పురుగును చంపుతుందని చెప్పను గానీ, ఆకు మార్చే వంకతో బీరువా తెరుస్తాను కదా, తెరవడమే సగం మందు.

ఇంకొక మాట చెప్పాలి. కరక్కాయ నీళ్ళలో నానబెట్టి, బెల్లమూ తుప్పు ఇనుమూ ఊరబెట్టిన కసిమితో నలుపు వేసిన కలంకారీ అయితే, చాలా ఏళ్ళకు ఆ ఇనుమే నల్ల గీతల దగ్గర నూలును తినేస్తుంది. నీది కొన్ని ఏళ్ళదే, చిల్లులు కూడా మడత వెంబడే ఉన్నాయంటున్నావు కాబట్టి అది పురుగు పనే. మీ అమ్మమ్మగారి నాటి గుడ్డ ఏదైనా ఉంటే మాత్రం దాన్ని దాచుకోవడం కంటే ముందే వాడుకోవడం మేలు.

అడుగు పొరకు గుడ్డ కొనవద్దు. అయిదున్నర మీటర్ల పాత నూలు చీరను సగానికి కత్తిరించి, రెండు ముక్కలనూ పక్కపక్కన జోడిస్తే ఆ 108 అంగుళాల పొడవు, 90 అంగుళాల పైన వెడల్పు కచ్చితంగా వస్తాయి, అంగుళం కూడా వృథా కాదు. మా అమ్మ కుట్టిన బొంతలన్నీ చీరల పొరలే, దూది ఎరగవు.

పెరంబూరు టైలరు:

లెక్కలాయన గారి తూకం బాగుంది గానీ, అది ఎంత ఉందో చెబుతుందే తప్ప ఏముందో చెప్పదు. సూదిదారం గారు అడిగిన రెండో ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. ఒకసారి మీ గుడ్డలన్నీ నేల మీద పరిచి చూడండి. నా అంచనా తప్పకపోతే, పదింట ఎనిమిది పెద్ద పువ్వులు, నెమళ్ళు, తీగలు ఉన్నవే అయి ఉంటాయి. కొట్లో కన్ను పడేది వాటి మీదే. కానీ రెండు పెద్ద అద్దకాలను పక్కపక్కన కుడితే దేని అందమూ కనిపించదు, వాటి మధ్య కన్ను ఆనడానికి సాదా గుడ్డ కావాలి. గోధుమ రంగు, బూడిద రంగు, గంధం రంగు, సన్న చుక్కలు ఉన్న గుడ్డను ముచ్చటపడి ఎవరూ కొనరు. అందుకే ఇంట్లో నలభై కిలోల గుడ్డ ఉన్న మనిషి కూడా బజారుకు పరుగెత్తవలసి వస్తుంది, వెళ్ళినవారు సాదా గుడ్డతో పాటు ఇంకొక నెమలిని తెచ్చుకుంటారు.

అందువల్ల ఏడాది పాటు మంగళగిరి సాదా నూలు తప్ప మరేదీ కొననని నియమం పెట్టుకోండి. అసలు కొననని ఒట్టు పెట్టుకుంటే మూడో వారానికే తప్పుతారు. ఇక బామ్మగారి మీద గౌరవంతోనే చెబుతున్నాను, మీ విషయంలో అడుగు పొరకు చీర వద్దు. మీ పెద్ద పువ్వుల గుడ్డలనే ముక్కలు చేయకుండా నిలువు పన్నాగా అడుగున వేయండి. ఒక్క బొంతకే ఆరు మీటర్లు ఖర్చవుతుంది, అద్దకం అందం కూడా చెడదు.

రవికె గుడ్డల్లో సగం నూలు కాదు. అంచు నుంచి ఒక పోగు లాగి, అగ్గిపుల్లతో కాల్చండి. కాగితం కాలిన వాసన వచ్చి బూడిద రాలితే నూలు, కరిగి గట్టి పూసలా అయితే పాలిస్టరు. రెండోదాన్ని బొంతలో కలిపితే ఇస్త్రీ పెట్టె వేడికి ముడుచుకుంటుంది. ముదురు ఎరుపు, నీలం గుడ్డలను కుట్టకముందే విడిగా, రంగు దిగడం ఆగేదాకా ఉతకండి. ఉప్పు వేస్తే రంగు నిలుస్తుందని మా కొట్టుకు వచ్చేవాళ్ళు అందరూ అంటారు గానీ, ఒకసారి అద్దిన గుడ్డ మీద ఉప్పు చేసేదేమీ లేదు. 1950ల చివర్లో రంగు దిగే మద్రాసు చెక్స్‌ను అమెరికాలో, ఆ దిగడాన్నే గొప్పగా చెప్పి అమ్మారు గానీ, తెల్లటి ముక్క పక్కన కుట్టిన బొంతకు ఆ సాకు పనికిరాదు.

వేలచ్చేరి సూదిదారం:

ముగ్గురికీ కృతజ్ఞతలు. శనివారం పొద్దున్న మొదలుపెట్టి రాత్రి దాకా తూచాను. మొత్తం 46 కిలోలు. టైలరు గారు చెప్పినట్టు పోగులు కాల్చి చూస్తే రవికె గుడ్డల్లో 11 కిలోలు పాలిస్టరని తేలింది. ఇల్లంతా కాలిన వాసన వచ్చి మావారు రెండుసార్లు వంటగదిలోకి వెళ్ళి చూసి వచ్చారు. మిగిలిన 35 కిలోలు పదహారు బొంతలకు సరిపోతాయి. నా వేగంతో కుడితే 24 ఏళ్ళు పడుతుంది, నాకిప్పుడు 47. బామ్మగారు మన్నించాలి, చీరలు అడుగున వేస్తే ఆ 24 కాస్తా 44 అవుతోంది. కాబట్టి టైలరు గారి మాటే వింటాను.

సాదా గుడ్డ మొత్తం కలిపి రెండు కిలోలు కూడా లేదు. నెమళ్ళు ఒక్కటే నాలుగు రకాలున్నాయి.

చిల్లులు పడిన కలంకారీని దాచిపెట్టలేదు. చిల్లుల వరసను కత్తిరించి తీసేస్తే రెండున్నర మీటర్ల పైన బాగున్న గుడ్డ మిగిలింది. ఉతికి ఆరేశాను, సగంలో ఆగిన మూడింటిలో ఒకదానికి అడుగు పొరలో అదే నడుమ వేసి, అటూ ఇటూ నెమళ్ళ గుడ్డ జోడించి, నిన్న టాకాలు కూడా వేశాను. పాలిస్టరు గుడ్డలను తాంబూలం సంచులుగా కుట్టి పేరంటాల్లోనే తిరిగి పంచుదామని అనుకుంటున్నాను. ఒక్కొక్క రవికె గుడ్డకు రెండు సంచులు వస్తున్నాయి. దగ్గరలో ఎవరికైనా కావాలంటే చెప్పండి, శ్రావణమాసం వచ్చేలోగా ఇచ్చేస్తాను, ఆ తరువాత మళ్ళీ ఎన్ని ఇంటికి వస్తాయో చెప్పలేను.