రివర్స్ గేరు లేని జర్మన్ కారు: బాగు చేయించాలా, అమ్మేయాలా?

తుంగభద్ర తీరం, కర్నూలు:

మిత్రులందరికీ నమస్కారం. నిరుడు బెంగళూరులో ఎనిమిదేళ్లు తిరిగిన ఒక జర్మన్ సెడాన్ కొన్నాను. షోరూమ్ నుంచి దిగిన రోజున 25 లక్షలు దాటిన బండి నాకు 7,80,000 రూపాయలకు వచ్చింది. దాదాపు అదే సొమ్ముకు మా బావమరిది ఒక చిన్న కొత్త కారు కొన్నాడు. పండగ నాడు రెండింటినీ ఇంటి ముందు పక్కపక్కన నిలబెడితే వీధి జనమంతా నా బండి చుట్టూనే మూగారు కాబట్టి, బేరంలో గెలిచింది నేనేనని నమ్మాను. అభ్యంతరం లేదనే పత్రం (ఎన్‌ఓసీ) తెప్పించుకుని, మన రాష్ట్రంలో మళ్లీ జీవిత పన్ను కట్టిన తరువాత కూడా ఆ నమ్మకం చెక్కుచెదరలేదు.

మే నెలలో ఒక మిట్టమధ్యాహ్నం, రాజ్‌విహార్ కూడలి దగ్గర నత్తనడక నడుస్తున్న వరుసలో ఉండగా, బండి ఒక్క కుదుపు కుదిపింది. డాష్‌బోర్డు మీద స్పానర్ బొమ్మ వెలిగి, గేరు అక్షరాలు పెళ్లింటి సీరియల్ లైట్లలాగా మెరవసాగాయి. ఆ తరువాత ఒకటో గేరులో నడిచేది, బాగా తొక్కితే మూడుకు ఎగిరేది, రెండు అన్న అంకె దానికి గుర్తు లేనట్లే ప్రవర్తించేది. పక్కకు తీసి చెరకు రసం బండి ముందు ఆపాను. తీరా కదలబోతే రివర్స్ పడలేదు. చెరకు రసం ఆయన, ఇద్దరు ఆటో డ్రైవర్లు కలిసి వెనక్కి తోశారు. "ఇంత కారుకు వెనక్కి పోవడం తెలీదా సార్?" అని వారిలో ఒకాయన నిజంగానే, వెటకారం లేకుండా అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

బండిని లారీ మీద హైదరాబాదుకు పంపించాను. అక్కడి సర్వీస్ సెంటర్ వారు కంప్యూటర్ తగిలించి పావుగంటలో తేల్చిన మాట ఏమిటంటే, ఇది ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్ కనుక మెకాట్రానిక్ యూనిట్ మొత్తం మార్చాలి, అందుకు 2,85,000 రూపాయలు అవుతుంది. కారు ధర పడిపోయింది గానీ దాని విడిభాగాల ధరలు ఇంకా 25 లక్షల హోదాలోనే ఉన్నాయన్న సంగతి నాకు అప్పుడు అర్థమైంది.

ఈ సందర్భంలో ఒక పాత కథ గుర్తొస్తోంది. 1967లో ఎన్‌ఎస్‌యూ అనే జర్మన్ కంపెనీ ఆర్‌ఓ 80 అనే కారును తెచ్చింది. పిస్టన్లు లేని వాంకెల్ రోటరీ ఇంజన్‌తో వచ్చిన ఆ కారుకు 1968కి యూరప్‌లో కార్ ఆఫ్ ది ఇయర్ బహుమతి కూడా వచ్చింది. కానీ పిస్టన్లకు బదులు తిరిగే రోటర్ కొసల దగ్గరి సీళ్లు త్వరగా అరిగిపోయి, వారంటీ కింద ఇంజన్లు మార్చి మార్చి కంపెనీ నడుము విరిగింది. 1969లో అది ఫోక్స్‌వ్యాగన్ చేతికి వెళ్లిపోయింది. ఆ రోజుల్లో ఆర్‌ఓ 80 యజమానులు రోడ్డు మీద ఎదురుపడితే చేతులు ఊపుకోవడానికి బదులు, తాము ఎన్ని ఇంజన్లు మార్పించారో అన్ని వేళ్లు ఎత్తి చూపించుకునేవారట.

నేను ప్రస్తుతం మొదటి వేలు ఎత్తాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. బాగు చేయించమంటారా, ఉన్నదున్నట్లు అమ్మేయమంటారా? మీరు ఎన్ని వేళ్లు ఎత్తగలరో కూడా చెబితే కాస్త ధైర్యంగా ఉంటుంది.

కడప బండ, కడప:

తుంగభద్ర తీరం గారూ, డబ్బు కట్టకముందే ఇక్కడ అడిగి మంచి పని చేశారు. ఇరవై ఏళ్లకు పైగా షెడ్డు నడిపిన అనుభవంతో చెబుతున్నాను, మీ బండి తన జబ్బేమిటో తానే చెప్పింది, వినవలసినవారు వినలేదు.

మీ వర్ణనను బట్టి అది పొడి క్లచ్‌ల రకం గేరుబాక్సు. అందులో ఒకదాని వెనక ఒకటిగా రెండు క్లచ్‌లు ఉంటాయి. 1, 3, 5, 7 గేర్లను ఒక క్లచ్ చూసుకుంటుంది, 2, 4, 6 గేర్లతో పాటు రివర్స్‌ను రెండోది చూసుకుంటుంది. ఒక గేరులో బండి నడుస్తుండగానే తరువాతి గేరును రెండో క్లచ్ సిద్ధం చేసి ఉంచుతుంది కనుక మార్పు తెలియనంత మెత్తగా జరిగిపోతుంది. ఇక మెకాట్రానిక్ అన్నది ఈ రెండింటినీ నడిపించే మెదడు, చేతులు కలిసిన పెట్టె. కంప్యూటరు, నూనె పంపు, ఆ నూనెను ఒత్తిడితో పట్టి ఉంచే అక్యుములేటర్, వాల్వులు అన్నీ దానిలోనే ఉంటాయి. అక్యుములేటర్ దగ్గర పెట్టె బీటలు వారితే నూనె కారి, ఒత్తిడి పోయి, బండి ఒక్క గేరులోనూ కదలదు. మీది కదిలింది. ఒకటీ మూడూ ఉండి, రెండూ రివర్సూ పోయాయంటే చెడింది సరి సంఖ్యల వైపు మాత్రమే. అటువైపు క్లచ్ అరిగి ఉండాలి, లేదా ఆ వైపు వాల్వు మొరాయించి ఉండాలి. నా అనుమానం క్లచ్ మీదనే.

కారణం కూడా మీరే రాశారు: బెంగళూరు. వాహనాలు కిక్కిరిసిన రోడ్డు మీద ఈ గేరుబాక్సు గంటల తరబడి ఒకటి నుంచి రెండుకు, రెండు నుంచి ఒకటికి మారుతూనే ఉంటుంది. క్లచ్‌లు నూనెలో మునిగి ఉండే రకమైతే ఆ వేడిని నూనె లాగేస్తుంది, పొడి రకంలో వేడి పోయే దారి తక్కువ. పైగా మన మే నెల ఎండ. పాత యజమాని ఎనిమిదేళ్లు అరగదీసిన దాన్ని మీరు రాజ్‌విహార్‌లో చివరి మెట్టు ఎక్కించారు, అంతే.

కాబట్టి ముందుగా క్లచ్ అరుగుదల కొలతను కాగితం మీద అడగండి. స్కానర్‌లోనే కనిపిస్తుంది, కొంచెం ఓపిక కావాలి. ఈ రోజుల్లో చాలాచోట్ల విప్పి చూసేవారి కన్నా పెట్టె మార్చేవారే ఎక్కువయ్యారు. పెట్టె మారిస్తే తప్పు ఎక్కడున్నా పోతుంది, బాధ్యత కూడా ఉండదు. బాగైన తరువాత మీరు ఒక అలవాటు చేసుకోండి: ముందు బండి రెండడుగులు జరిగిన ప్రతిసారీ బ్రేకు సగం వదిలి పాకించకుండా, కాస్త ఖాళీ ఏర్పడనిచ్చి, ఒక్కసారి శుభ్రంగా కదిలి మళ్లీ ఆగండి.

బోరు బావి, అనంతపురం:

మా జిల్లాలో బోరు వేయించిన ఎవరినైనా అడగండి, పాత విలాసవంతమైన కారు మరమ్మతు అంటే ఏమిటో చెబుతారు. 400 అడుగుల దగ్గర బూడిద రంగు రాతిపొడి తప్ప ఏమీ రాదు. చాలించమంటే బోరు లారీ ఆయన ఆ పొడిని పిడికిట్లో నలిపి, "తడి తగులుతాంది సామీ, ఇంకొక 50 అడుగులు చూద్దాం" అంటాడు. ఇప్పటికే పెట్టిన డబ్బు నేలపాలు కాకూడదని ఇంకొంత నేలలోకి పంపిస్తాం. నా మిత్రుడొకరు ఎయిర్ సస్పెన్షన్ ఉన్న ఎస్‌యూవీని సరిగ్గా ఇలాగే తవ్వారు. మొదట ఒక చక్రం దగ్గరి రబ్బరు సంచి పగిలింది, ఆ సంచి కారుతుండగా గాలి నింపలేక కంప్రెసర్ కాలిపోయింది, కంప్రెసర్ మార్చిన నెలకు రెండో సంచి పోయింది. ఉదయం లేచేసరికి బండి ఒంటె కూర్చున్నట్లు ముందరి కాళ్లు మడిచి ఉండేది.

నా సంగతి వేరు, నాది పాత బండి కాదు. 2021లో కొత్తగా కొన్న డీజిల్ ఎస్‌యూవీ. ఇంటి నుంచి నేను పాఠం చెప్పే కళాశాలకు మూడు కిలోమీటర్లు. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్ 6 కాలుష్య నిబంధనల వల్ల డీజిల్ కార్ల పొగగొట్టంలో మసిని పట్టే డీపీఎఫ్ అనే జల్లెడ వచ్చింది. ఆ మసి తగలబడాలంటే లోపల సుమారు 600 డిగ్రీల వేడి పుట్టాలి, అందుకు రోడ్డు మీద కొంతసేపు ఆగకుండా పరుగెత్తాలి. మూడు కిలోమీటర్లలో నా ఇంజన్‌కు ఒళ్లు కూడా వెచ్చబడదు.

మసి కాల్చే పని మధ్యలో ఉండగా తాళం తిప్పేస్తే ఏమవుతుందో నేను స్వయంగా తెలుసుకున్నాను. ఆ పని కోసం అదనంగా చిమ్మిన డీజిల్ కొంత సిలిండరు గోడల మీదుగా కిందికి జారి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ మట్టం నెలనెలా పెరుగుతోంది. ఆయిల్ తాగని బండి ఉంటుందని తెలుసు గానీ, ఆయిల్ ఈనే బండి నా అదృష్టానికి దొరికిందని మొదట మురిసిపోయాను. మెకానిక్ వాసన చూసి నా మురిపెం తీర్చాడు. మీలో ఎవరికైనా ఇటువంటి బండి ఉంటే గమనించండి: బండి కదలకుండా ఇంజన్ నడిచే ఐడిలింగ్‌లో, ఇంజన్ వేగం చూపే ముల్లు మామూలు కన్నా పైన నిలబడినా, బండి ఆపిన తరువాత కూడా ఫ్యాను హోరుమంటున్నా, లోపల దహనం జరుగుతున్నదని గుర్తు. అప్పుడు ఆపకుండా ఇంకొక చుట్టు తిరిగి రావడం మంచిది.

ఇప్పుడు ప్రతి ఆదివారం ఏ పనీ లేకుండా 44వ నంబరు జాతీయ రహదారి మీద పెనుకొండ దాకా పోయి వస్తున్నాను. అక్కడ కియా కర్మాగారం నుంచి కొత్త కార్లు ట్రైలర్ల మీద ఎక్కి బయటికి వస్తుంటాయి. మసి కక్కుకోవడానికి వచ్చిన నా బండి వాటి పక్క నుంచి తల వంచుకుని పోతుంది. మా ఇంటావిడ "దేవుడికైనా ఇంత క్రమంగా పోయారా?" అని అడుగుతున్నారు. నా లెక్కలో ఇది ఒక వేలు కాదు గానీ, చిటికెన వేలు అనుకోండి.

పాతకాపు, నంద్యాల:

మీ అందరి గోడు చదువుతుంటే మా నాన్నగారి అంబాసిడర్ గుర్తుకొచ్చింది. 1950ల నాటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ రూపంతో 2014 దాకా తయారైన బండి అది. చెడిపోని బండి అని నేను అనను. నంద్యాల నుంచి కర్నూలు పోయే 70 కిలోమీటర్లలో, ఎండాకాలమైతే, ఓర్వకల్లు రాళ్ల దగ్గర ఒకసారి ఆగడం ఆనవాయితీ. ఇంజన్‌కు పెట్రోలు అందించే పంపు వేడెక్కి లోపలి పెట్రోలు ఆవిరయ్యేది, ఇంజన్ దగ్గి ఆగిపోయేది. మా నాన్నగారు బానెట్ ఎత్తి, భుజం మీది తువ్వాలును కూజా నీళ్లలో తడిపి, పంపు మీద కప్పేవారు. చుయ్యిమని ఆవిరి లేచేది. మేము చింతచెట్టు కింద బొరుగులు తినేలోపు పంపు చల్లారేది, అదే తువ్వాలుతో ఆయన మొహం తుడుచుకుని మళ్లీ బండి నడిపేవారు. ఆ మరమ్మతుకు అయిన ఖర్చు అరకూజా నీళ్లు.

ఇప్పటి ఇంజనీర్లు కొన్ని కార్లలో వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా చూసే టైమింగ్ చెయిన్‌ను ఇంజన్ వెనక, గేరుబాక్సు వైపు పెట్టారు. ఆడీ 4.2 లీటర్ల వీ8లోనూ, బీఎండబ్ల్యూ ఎన్47 డీజిల్‌లోనూ అంతే. చెయిన్ గలగలమంటే దాన్ని అందుకోవడానికి ఇంజనో గేరుబాక్సో కిందికి దించాలి. కొండను తవ్వి ఎలుకను పట్టడమన్న సామెతకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు, బిల్లు మాత్రం కొండకే వేస్తారు.

కడప బండ, కడప:

పాతకాపు గారూ, తువ్వాలు నేనూ కప్పాను కాబట్టి కాదనను. కానీ మీరు తియ్యటి సగమే చెప్పారు. ఆ అంబాసిడర్ లక్ష కిలోమీటర్లు నిండకముందే నీలం పొగ వదిలి, ఇంజన్ బోరుకు వచ్చేది. సిలిండర్లను తొలిపించి, ఓవర్‌సైజు పిస్టన్లు వేసి, మళ్లీ 'రన్నింగ్-ఇన్' అని రాసుకుని ఊరంతా మెల్లగా తిరిగేవాళ్లం. అనంతపురం వారికి నేలలో బోరు, మనకు ఇంజన్‌లో బోరు. ఇప్పటి బండ్లలో లక్షన్నర దాటినా ఇంజన్ ముట్టుకోనివి నా షెడ్డుకు రోజూ వస్తున్నాయి. అరుదుగా చెడుతున్నాయి, చెడితే చేతికి అందడం లేదు. తేడా అదొక్కటే.

కొన్నింటిని మనమే చంపుతున్నామని కూడా ఒప్పుకోవాలి. ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ తగ్గితే బోరు నీళ్లు పోస్తారు. మా కడప, అనంతపురం నీళ్లలోని సున్నం బకెట్ల అంచుల మీద తెల్లగా పేరుకోవడం అందరూ చూస్తారు గానీ, అదే రేడియేటర్ సన్నని గొట్టాలలోనూ పేరుకుంటుందని ఎవరూ అనుకోరు. పోయిన నెలలో ఒక రేడియేటర్ విప్పితే మూడో వంతు గొట్టాలు చాక్‌పీసుల్లా పూడిపోయి ఉన్నాయి. వేడికి ప్లాస్టిక్ థర్మోస్టాట్ గూడు కూడా పగిలింది. ఆ యజమాని మాత్రం ఇంజనీరింగు బాగాలేదనే అంటున్నారు.

జొన్నగిరి ఆశాజీవి, ఆదోని:

2,85,000 గురించి బెంగ వద్దు. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో వజ్రాలు వెతకడానికి జనం వస్తారు కదా, ఈసారి ఇద్దరం కలిసి పోదాం. ఒకటి దొరికితే మీకు మెకాట్రానిక్, రెండు దొరికితే నాకు టర్బో.

తుంగభద్ర తీరం, కర్నూలు:

అందరికీ కృతజ్ఞతలు. కడప బండ గారు చెప్పినట్లు క్లచ్ కొలత కాగితం మీద అడిగాను. అడిగిన తరువాత రెండు రోజులు జవాబు రాలేదు, మూడో రోజున "క్లచ్ కూడా అరిగింది సార్" అన్నారు. ఆ 'కూడా' నాకు నచ్చక బండిని అక్కడి నుంచి తెప్పించి, ఈ గేరుబాక్సులు విప్పే వేరొక షెడ్డులో ఇచ్చాను. సరి సంఖ్యల వైపు క్లచ్ పళ్లెం గోధుమ రంగు పోయి, అడుగంటిన దోశ పెనంలాగా నల్లగా మెరుస్తోంది. క్లచ్ సెట్టు మార్చి, కంప్యూటర్‌కు కొత్త క్లచ్‌ను పరిచయం చేయించడానికి మొత్తం 1,18,000 అయింది. మెకాట్రానిక్‌ను ఎవరూ ముట్టుకోలేదు. చెరకు రసం బండి దగ్గరికి పోయి, పని లేకపోయినా ఒకసారి రివర్స్ చేసి చూపించి వచ్చాను.

అమ్మను. బోరు బావి గారు తవ్వడం ఆపమన్నారని తెలుసు, కానీ నాకు నీళ్లు పడ్డాయి.

నిన్న బెంగళూరు వైపు పోతూ అమకతాడు టోల్‌ప్లాజా దాటాక టీ కొట్టు దగ్గర ఆగితే, నా మోడలే, నా రంగే, ఇంకొక బండి నిలబడి ఉంది. దాని యజమాని హిందూపురం పెద్దమనిషి. టీ తాగుతూ ఆయనకు ఆర్‌ఓ 80 కథ చెప్పాను, ఆయన పెద్దగా ఏమీ నవ్వలేదు. అర్ధగంట తరువాత గుత్తి దగ్గర ఆయన నన్ను దాటుకుని పోతుంటే నేను కిటికీలోంచి ఒక వేలు ఎత్తి చూపించాను. ఆయన రెండు వేళ్లు ఎత్తారు, ఒక క్షణం ఆగి, మూడో వేలును సగం మడిచి పట్టుకున్నారు.