కంది, వేరుశనగ విత్తనానికి కంపెనీతో పొత్తు: ఎఫ్‌పీఓ సంతకం పెట్టాలా, వద్దా?

మక్తల్ నల్లరేగడి:
మాది నారాయణపేట జిల్లా. మా ఎఫ్‌పీఓ (రైతు ఉత్పత్తిదారుల సంఘం) ముందుకు ఒక ప్రతిపాదన వచ్చింది. పరిశోధన కేంద్రం ఫౌండేషన్ విత్తనం (విత్తన పంటకు వేసే మూల విత్తనం) ఇస్తుంది, మా సభ్యులు కంది, వేరుశనగ విత్తన పంట వేస్తారు, ఒక ప్రైవేటు కంపెనీ కొని గ్రేడింగ్ చేసి తన సంచుల్లో అమ్ముకుంటుంది. మాకు మార్కెట్ ధర మీద కొంత అదనం ఇస్తారట. ఒప్పందం కాగితం నాలుగు పేజీలుంది. అందులో మూడు పేజీలు మేమేం చేయాలో, ఒక్క పేజీ వాళ్లేం చేస్తారో. బోర్డులో సగం మంది సరే అన్నారు, సగం మంది గద్వాల పత్తి విత్తన రైతుల ముచ్చట ఎత్తి వద్దన్నారు. నాకైతే వద్దనడానికి మనసు రావట్లేదు. ఎందుకంటే ఇప్పుడు మా ఊళ్లో వేసే కందిలో సగం కిరాణా కంది, అంటే తినడానికి అమ్మేదే విత్తనంగా వేస్తున్నారు. మీరేమంటారు?

గద్వాల ఎర్రచెలక:
అన్నా, మా పేరు ఎత్తారు కాబట్టి చెప్తున్నా. పత్తి విత్తనంలో మాకు కంపెనీ ముఖం కనపడదు. మధ్యలో ఆర్గనైజర్ ఉంటాడు. పెట్టుబడికి అప్పిచ్చేది ఆయనే, సరుకు తీసుకెళ్లేది ఆయనే, నెలలు గడిచాక "జీఓటీలో ఫెయిల్ అయింది" (విత్తనం నాటి స్వచ్ఛత చూసే పరీక్ష) అని చెప్పేదీ ఆయనే. ఎక్కడ పరీక్ష చేశారు, ఎవరి సంచిలోంచి నమూనా తీశారు అంటే జవాబుండదు. ఫెయిల్ అంటే విత్తనం ధర పోయినట్టే, అప్పు వడ్డీ మాత్రం ఆగదు. మీ కాగితంలో "నాణ్యత నిర్ణయం కొనుగోలుదారుదే" అన్న వాక్యం ఉందేమో చూడు. ఉంటే మిగతా మూడు పేజీలు చదవక్కర్లేదు.

మక్తల్ నల్లరేగడి:
ఉంది.

విత్తన ధృవీకరణలో పనిచేసి రిటైరైనవాడు:
కోపంతో కాకుండా పంటను చూసి మాట్లాడుకుందాం. కంది, వేరుశనగ రెండూ కాయజాతి పంటలే గానీ విత్తనం దగ్గర వాటికి పోలికే లేదు. రెండింటినీ ఒకే ఒప్పందంలో పెట్టడమే అసలు పొరపాటు.

కంది పువ్వు మీద తేనెటీగలు తిరుగుతాయి. చోటును బట్టి నూటికి ఇరవై, పాతిక వంతుల దాకా పరపరాగ సంపర్కం, అంటే వేరే మొక్క పుప్పొడి కలవడం, జరుగుతుంది. అందుకే సర్టిఫైడ్ (ధృవీకరించిన) కంది విత్తన చేనుకు చుట్టూ 100 మీటర్ల దూరంలో వేరే కంది ఉండకూడదని నిబంధన. వేరుశనగకు 3 మీటర్లు చాలు. పక్క చేనులో ఎండుతెగులుకు ఆగని పాత రకం ఉంటే, మీరు తెచ్చిన ఆశ రకం, అదే ఐసీపీఎల్ 87119, కొన్నేళ్లలో ఆశ కాకుండా పోతుంది. పేరు అదే ఉంటుంది, తెగులును తట్టుకునే గుణం పలచబడుతుంది. ఎండుతెగులు, వెర్రితెగులు మళ్లీ వచ్చాయని రైతు రకాన్ని తిడతాడు. తప్పు రకానిది కాదు, కలిసిపోయిన విత్తనానిది.

ఇక లెక్క. ఎకరాకు 3 కిలోలు వేస్తే, 5 క్వింటాళ్లు పండిన ఒక్క ఎకరం విత్తన చేను 160 ఎకరాలకు పైగా సరిపోతుంది. వేరుశనగకు ఎకరాకు 70 కిలోల గింజలు కావాలి. ఎకరంలో 10 క్వింటాళ్ల కాయ వచ్చినా ఒలిస్తే 7 క్వింటాళ్లు. అంటే మహా అయితే 10 ఎకరాలు. ఇంత బరువు మోసి, దాచి, లారీ కిరాయి పెట్టి ఏ కంపెనీ లాభం చూస్తుంది? మీ ఒప్పందంలో వేరుశనగ పేరు ఎందుకుందో నాకు అర్థం కావట్లేదు. సభ్యుల్ని ఒప్పించడానికి పెట్టి ఉంటారు.

అచ్చంపేట పల్లికాయ:
సార్ చెప్పింది నిజం. మా వైపు యాసంగి పల్లి ఎక్కువ. సెప్టెంబర్, అక్టోబర్‌లో వేస్తాం, జనవరి తర్వాత పీకుతాం. ఆ కాయను మళ్లీ యాసంగి దాకా దాచాలంటే వానాకాలమంతా ఇంట్లో ఉండాలి. పురుగు, తేమ, ఎలుక, వీటన్నిటినీ తప్పించుకున్నా మొలక తగ్గుతుంది. కాబట్టి ఎక్కువమంది విత్తనం ముందు వ్యాపారి దగ్గరే కొంటారు. ఆయన కే6 అంటే కే6, లేపాక్షి అంటే లేపాక్షి. కాయ చూసి రకం చెప్పగలిగేవాళ్లు ఊరికి ఒకరిద్దరు.

ఇంకోటి ఎవరూ రాయలేదు. ఒలవడం ఎవరు చేస్తారు? మిషన్‌లో వేస్తే గింజ పగులుతుంది, పై పొట్టు ఊడుతుంది, అలాంటిది మొలవదు. చేత్తో ఒలిచేది ఆడవాళ్లే. కూలి కిలోల లెక్కన. ఒప్పందంలో "ప్రాసెసింగ్" అని ఒక్క మాట రాసి వదిలేస్తారు, ఆ ఖర్చు ఎవరిదో రాయరు.

నల్లగొండ ఎరువుల దుకాణం:
దుకాణదారులంటే అందరికీ కోపమే కాబట్టి నా మాట కూడా వినండి. పత్తి ప్యాకెట్‌కు గ్యారంటీ గిరాకీ ఉంది, ఏటా కొంటారు. కంది అలా కాదు. ఒకసారి కొన్న రైతు మూడేళ్లు తన ఇంటి విత్తనమే వేస్తాడు, అది ఆయన హక్కు. పైగా ధరను బట్టి ఊగుతుంది. 2015లో పప్పు కిలో 200 దాకా పోయింది, మరుసటి వానాకాలం అందరూ కంది వేశారు. పంట చేతికొచ్చేసరికి క్వింటాలుకు 5,050 మద్దతు ధర కంటే కింద అమ్ముకున్నారు. ఆ తర్వాత విత్తనం సంచుల వైపు చూసినవాళ్లు లేరు. జనవరిలో పండిన విత్తనం జూన్‌లో అమ్మాలి. మధ్యలో ధర పడితే ఆ స్టాకు ఎవరి నెత్తిన? కంపెనీ వెనక్కి తీసుకోకపోతే నేనెందుకు పెడతాను? అందుకే నా దగ్గర కంది సంచులు ఎప్పుడూ తక్కువే.

దేవరకొండ యువరైతు:
అయితే కంపెనీ అవసరమే లేదు కదా! రైతుల హక్కుల చట్టం, 2001 నాటిది, 39వ సెక్షన్ ప్రకారం రైతు తన విత్తనం దాచుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. బ్రాండ్ పేరుతో అమ్మకూడదు, అంతే. జహీరాబాద్ వైపు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆడవాళ్లు విత్తన బ్యాంకులు ఏళ్ల తరబడి నడుపుతున్నారు. మనకేం తక్కువ?

విత్తన ధృవీకరణలో పనిచేసి రిటైరైనవాడు:
తమ్మీ, చట్టం సరే. ఊళ్లో పది ఇళ్లకు మార్చుకోవడం వేరు, మండలానికి సరిపోయేంత అమ్మడం వేరు. ఎఫ్‌పీఓ తన పేరు ముద్రించి అమ్మాలంటే లైసెన్స్ కావాలి, కందికి మొలక శాతం 75, వేరుశనగకు 70 చూపించాలి. సర్టిఫైడ్ అనాలంటే నీలం ట్యాగు ఉండాలి. ఇవన్నీ చేయొచ్చు. చేతిలో డబ్బుంటే.

పటాన్‌చెరు పక్కన:
ఆ డబ్బు దగ్గరే ఇలాంటి పొత్తులన్నీ నిలబడతాయి, లేదా పడిపోతాయి. ఇక్కడి అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ భాగస్వాములతో 2007 నుంచి 2019 దాకా ట్రాపికల్ లెగ్యూమ్స్ అనే కాయజాతి పంటల ప్రాజెక్టును ఆఫ్రికా, దక్షిణాసియా దేశాల్లో నడిపింది. మలావీలో ఐర్లండ్ ప్రభుత్వ సాయంతో వేరుశనగ విత్తనానికి రివాల్వింగ్ ఫండ్ పెట్టారు. పండించినవాళ్ల దగ్గర ఆ డబ్బుతో విత్తనం కొంటారు, అమ్మగా వచ్చిన డబ్బు మళ్లీ వచ్చే ఏడు కొనుగోలుకు వాడతారు. మన దేశంలోనూ 2016లో పప్పుధాన్యాలకు 150 సీడ్ హబ్‌లు (విత్తనోత్పత్తి కేంద్రాలు) మంజూరు చేసినప్పుడు, ఒక్కోదానికి కోటి రూపాయల రివాల్వింగ్ ఫండ్ పెట్టింది ఇందుకే. రైతు జనవరిలోనే డబ్బు అడుగుతాడు, కొనేవాడు జూన్‌లో వస్తాడు. ఈ ఐదు నెలలు మోసేది ఎవరు అన్నదే మీ ఒప్పందం. కంపెనీ మోస్తే ఆ రిస్కుకు దానికి లాభం ఇవ్వాల్సిందే. మీరే మోయగలిగితే కంపెనీకి గ్రేడింగ్ కూలి ఇస్తే చాలు.

గద్వాల ఎర్రచెలక:
కంపెనీ మోస్తుందని ఎవరు చెప్పారు? మా దగ్గర మోసేది రైతే, లాభం కంపెనీది.

పటాన్‌చెరు పక్కన:
అదే రాయించుకోవాలి అంటున్నా అన్నా. ఇంకో సంగతి, కందిలో కంపెనీలకు నిజంగా ఆశ ఉన్నది హైబ్రిడ్ మీద. 2015లో మన్నెంకొండ కంది పేరుతో ఐసీపీహెచ్ 2740 విడుదలైంది. హైబ్రిడ్ అయితే రైతు ఏటా కొనాల్సిందే కదా. ఇప్పుడు మామూలు రకం పేరుతో మొదలుపెట్టి మూడేళ్ల తర్వాత హైబ్రిడ్ వైపు తిప్పుతారేమో, ఏ రకం అన్నది కాగితంలో ఉందా?

మక్తల్ నల్లరేగడి:
"పరస్పర అంగీకారంతో నిర్ణయించిన రకాలు" అని ఉంది.

అందరి మాటలూ చదివాక నా ఆలోచన ఇలా ఉంది. వేరుశనగను ఈ ఒప్పందంలోంచి తీసేయమంటాం. దానికి మాకు కంపెనీ కాదు, ఫౌండేషన్ కాయ, దాచడానికి గోదాము, ఒలుపు కూలి కావాలి. అది ప్రభుత్వ విత్తన గ్రామం పథకం కింద అడుగుతాం, వేరే సంగతి. కందికి మాత్రం కంపెనీతో వెళ్దాం. ఎందుకంటే 100 మీటర్ల దూరం పాటించాలంటే పక్క చేనువాళ్లు కూడా అదే రకం వేయాలి, ఆ మాట ఊరందరితో ఒప్పించగలిగేది ఎఫ్‌పీఓ ఒక్కటే. కంపెనీ ఎంత పెద్దదైనా అది చేయలేదు. మా బలం అక్కడుంది కాబట్టి షరతులు మేం పెట్టొచ్చు అనుకుంటున్నా. కొనుగోలు ధర మద్దతు ధర కంటే తగ్గకూడదు, 2025-26లో అది క్వింటాలుకు 8,000. మార్కెట్ అంతకంటే పైన ఉంటే మార్కెట్ ధర మీద అదనం. డబ్బు తూకం అయిన నెలలో సగం, మిగతాది పరీక్ష ఫలితం వచ్చాక. రకం పేరు కాగితంలోనే రాయాలి.

అచ్చంపేట పల్లికాయ:
పక్క చేనువాళ్లకు ఆ రకం విత్తనం ఎఫ్‌పీఓ ఉచితంగా ఇస్తుందా? లేకపోతే వాళ్లెందుకు ఒప్పుకుంటారు?

మక్తల్ నల్లరేగడి:
ఎకరాకు 3 కిలోలే కదా అక్కా. ఇచ్చేస్తాం, ఖర్చు కంపెనీ అదనంలోంచి తీస్తాం. దీనికి బోర్డులో గొడవ తప్పదు.

నల్లగొండ ఎరువుల దుకాణం:
మద్దతు ధర షరతుకు ఏ కంపెనీ ఒప్పుకోదు. బజార్లో 6,500 ఉంటే 8,000 పెట్టి కొంటారా?

మక్తల్ నల్లరేగడి:
ఒప్పుకోకపోతే పప్పుకు అమ్ముకుంటాం. విత్తనం అయ్యాక కూడా కంది కందే కదా, విత్తనశుద్ధి మందు కలపకముందు.

గద్వాల ఎర్రచెలక:
నమూనా సంగతి మర్చిపోయావ్. విత్తన చట్టం కింద ఇన్‌స్పెక్టర్ నమూనా తీస్తే మూడు భాగాలు చేసి సీలు వేస్తాడు. ఒకటి సరుకున్నవాడికి, ఒకటి ల్యాబ్‌కు, ఒకటి కేసు కోసం తన దగ్గర. మీ ఒప్పందంలోనూ అలాగే రాయించు. ఒక సంచి మీ ఎఫ్‌పీఓ దగ్గర, సీలు మీద రైతు సంతకంతో. ఫెయిల్ అంటే రెండో పరీక్ష ప్రభుత్వ ల్యాబ్‌లో, ఆ ఫీజు ఓడిపోయినవాడిది. ఇది లేకుండా మిగతావన్నీ రాయించుకున్నా లాభం లేదు.

మక్తల్ నల్లరేగడి:
రాసుకున్నా. సోమవారం మీటింగ్‌లో పెడతా. కంపెనీవాళ్లు ఏమన్నారో ఇక్కడే చెప్తా.