కట్టుడు పళ్ల అచ్చు పారేయొచ్చా? అంగిలి గీతలతో మనిషిని గుర్తుపడతారంటే నిజమేనా?

ప్రశ్న (హన్మకొండ)
మా బాపుకు పై పళ్లన్నీ పోతే పోయిన నెల సెట్టు కట్టించినం. నోటి కొలత తీసిన తెల్లటి ప్లాస్టర్ అచ్చు, అడుగున పెన్సిల్‌తో బాపు పేరు రాసి, మాకే ఇచ్చారు. అమ్మ పారేయమంటోంది. డెంటల్ చదివే మా మేనకోడలేమో "వద్దు మామా, ముందు పళ్ల వెనకాల నాలుకకు గరుకుగా తగిలే గీతలు ఒకరివి ఇంకొకరికి కలవవు, గుర్తుపట్టలేని శవాల కేసుల్లో పనికొస్తాయి" అంటోంది. వేలిముద్రలుండగా ఇవెందుకు?

జవాబు 1 (పళ్ల డాక్టర్, వరంగల్)
మీ మేనకోడలు చెప్పింది నిజమే అన్నా. ఆ గీతలు కడుపులో 12–14 వారాలకే ఏర్పడతాయి, మనిషి పెరిగేకొద్దీ పొడవు పెరుగుతుందే గానీ ఆకారం పెద్దగా మారదు. కాలిన ఒంటి మీద వేలిముద్రలు ముందే పోతాయి, అంగిలికి మాత్రం పెదాలు, బుగ్గలు, నాలుక, పళ్లు అడ్డుంటాయి. ఈ గీతలతో మనిషిని గుర్తుపట్టే పద్ధతికి 1932లోనే రుగోస్కోపీ అని పేరు పెట్టారు. గీతల్ని పొడవును బట్టి విడదీసే 1955 నాటి లైసెల్ పద్ధతిలో 5 మి.మీ. దాటితే ప్రధాన గీత, 3 నుంచి 5 అయితే రెండో రకం, 2 నుంచి 3 అయితే ముక్క గీత.
అయితే పోల్చడానికి బతికున్నప్పటి రికార్డు లేకపోతే ఇదంతా వృథా. వేలిముద్రలైతే ఆధార్ కోసం అందరం ఇచ్చాం, అంగిలి అచ్చు ఎవరి దగ్గరుంది చెప్పండి? పళ్లు పీకినా, క్లిప్పులు వేసినా పళ్ల దగ్గరి గీతలు కొంచెం జరుగుతాయి కాబట్టి దీన్నొక్కదాన్నే నమ్ముకోకుండా పళ్లు, డీఎన్ఏ కూడా చూడాలి.

జవాబు 2 (డెంటల్ ల్యాబ్ పని)
సెట్టు చేసిన అసలు మోడల్ బయటికి తీసేటప్పుడే పగిలిపోతుంది, మీ చేతికొచ్చింది మొదటి కొలతది అయ్యుంటుంది. దాని మీద తేదీ కూడా రాయండి, పక్కన స్కేలు పెట్టి పైనుంచి ఫొటో తీసుకోండి, తడి తగలనీయకండి. ప్లాస్టర్ కదా, నీళ్లు తగిలితే గీతలే ముందు అరుగుతాయి. సెట్టు లోపలివైపు కూడా ఆ గీతలే దిగుతాయి, అందుకే సెట్టు మీద కూడా పేరు వేయించుకోమని మా దగ్గరికొచ్చే ప్రతి ముసలాయనకూ చెప్తాను.

ప్రశ్న అడిగినవారు
రాత్రి బాపు సెట్టు తీస్తే టార్చ్ వేసి చూసినం. ఎడమవైపు నాలుగు, కుడివైపు మూడు, కుడివైపు రెండోది చివరన రెండుగా చీలింది. అచ్చు మీద వేలితో తడిమితే అదే చీలిక తగిలింది. తేదీ రాసి బీరువాలో పెట్టేసిన, అమ్మ కూడా ఇక పారేయమనలేదు.