ఫ్రీఫ్లో సైలెన్సర్, కోన్ ఫిల్టర్ వేశాక సగం థ్రాటిల్‌లో తడబాటు

బండి 2014 రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, సీవీ కార్బరేటర్ (ఇంజిన్ లాగే గాలిని బట్టి లోపలి పిస్టన్ దానంతటదే లేచే రకం). పొగ తేలిగ్గా బయటికి పోయే ఫ్రీఫ్లో సైలెన్సర్ వేసి, ఎయిర్‌బాక్స్ (కంపెనీ గాలి ఫిల్టర్ ఉండే డబ్బా) తీసేసి, తెరిచి ఉండే కోన్ ఫిల్టర్ పెట్టించాను. అప్పటి నుంచి ఇంజిన్ బాగా వేడెక్కాక కూడా నాలుగో గేరులో 60 దాటగానే, సగం థ్రాటిల్ దగ్గర, ఆగి ఆగి లాగుతోంది. చోక్ కాస్త లాగితే శుభ్రంగా పోతుంది. ప్లగ్ తెల్లగా ఉంది, అంటే పెట్రోలు చాలట్లేదన్నమాట.

మెయిన్ జెట్ (ఫుల్ థ్రాటిల్‌లో పెట్రోలు కొలిచే రంధ్రం) 90 సైజు తీసి 100 వేశాను. ఫుల్ థ్రాటిల్ సర్దుకుంది, మధ్యలో అదే తంతు. ఐడిల్‌లో మిశ్రమాన్ని సర్దే పైలట్ స్క్రూ రెండున్నర చుట్లు విప్పాక ఐడిల్ నిలకడగా ఉంది, థ్రాటిల్ వదిలినప్పుడు సైలెన్సర్‌లో టపటపలూ తగ్గాయి. ఇన్‌టేక్ రబ్బరు చుట్టూ కార్బ్ క్లీనర్ కొట్టినా ఆర్‌పీఎం కదల్లేదు, అంటే అక్కడ గాలి లీకు లేదు. కార్బరేటర్‌లోని రబ్బరు పొర, డయాఫ్రమ్‌ని వెలుతురుకు పెట్టి చూశాను, చిల్లుల్లేవు.

చివరికి మధ్య థ్రాటిల్‌లో పెట్రోలు కొలిచే నీడిల్ (సూది) తల కింద అర మిల్లీమీటరు వాషర్ వేసి దాన్ని కాస్త పైకి లేపితే తడబాటు చాలావరకు పోయింది. కానీ ఇప్పుడు పావు థ్రాటిల్‌లో పెట్రోలు వాసన, ట్రాఫిక్‌లో తిప్పితే ప్లగ్ నల్లబడుతోంది. మెకానిక్ ఇంకా పెద్ద జెట్ వేద్దామంటాడు. ఫుల్ థ్రాటిల్ బాగానే ఉన్నప్పుడు అదెందుకో!

ఇదే సెటప్ నడిపినవాళ్లు చెప్పండి: కోన్ ఫిల్టర్ ఉంచుకునే వాషర్ మందం తగ్గించి సరిచేయగలిగారా, లేక ఎయిర్‌బాక్స్ తిరిగి బిగించాకే కుదిరిందా?