అప్‌డేట్: కొత్త కారులో వార్నింగ్ లైట్లన్నీ ఒకేసారి వెలిగే సమస్య తీరింది

ఏడాది నిండని మా కారు నడుస్తుండగానే డ్యాష్‌బోర్డు లైట్లన్నీ వెలగడం, స్టీరింగ్ బిగుసుకుపోవడం, ఆపి స్టార్ట్ చేస్తే మామూలుగా ఉండటం గురించి అడిగాను కదా. సమస్య తీరింది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

"ఎర్త్ వైరు చూపించన్నా" అని మీలో ఒకరు అన్న మాటే నిజమైంది. బ్యాటరీ నెగెటివ్ నుంచి బాడీకి వెళ్లే కేబుల్‌ను పెయింటు మీదే బిగించారు, అదీ వదులుగా. ఇంజన్ ఆన్‌లో ఉంచి, లైట్లు, ఏసీ వేసి, వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ ఒక కొస బ్యాటరీ నెగెటివ్‌కు, రెండోది బాడీకి ఆనిస్తే దాదాపు సున్నా రావాలి. మాకు ఒక వోల్టు దాటింది. కేబుల్ చేత్తో కదిపితే అంకె ఎగిరెగిరి పడింది. పెయింటు గీకి బిగించాక గువ్వలచెరువు ఘాట్ ఎక్కి దిగాం, ఒక్క లైటూ వెలగలేదు. ఆ మలుపుల్లో స్టీరింగ్ బిగుసుకుంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ భయమే.

అనంతపురం షోరూంలో మాత్రం వెళ్లినప్పుడల్లా స్కానర్ పెట్టి, కారులో నమోదైన లోపాల కోడ్లు చెరిపి పంపేవారు. బ్యాటరీ మార్చారు, లాభం లేదు. బయట వేయించిన మ్యూజిక్ సిస్టమ్ వల్లే అన్నారు, విప్పించినా అదే కథ. కొందరు అనుమానించినట్టు పెట్రోలుకూ, మన ఎండలకూ దీంతో సంబంధమే లేదు.

కారు సర్వీసుకిచ్చినప్పుడు షోరూం వాళ్లు రాసే జాబ్ కార్డులో "జనరల్ చెకప్" అని రాస్తే ఒప్పుకోకండి, ఫిర్యాదు మన మాటల్లోనే రాయించాలి. ఆ కాపీలు, లైట్లు వెలిగినప్పుడు తీసిన వీడియో కంపెనీకి మెయిల్ చేసి, 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌లోనూ నమోదు చేశాకే కంపెనీ ఇంజనీరు వచ్చాడు. పని వారంటీలోనే అయింది. ఏం దొరికిందో, ఏం చేశారో చివరి జాబ్ కార్డులో రాయించుకున్నాను. వారంటీ అయ్యాక ఇదే మళ్లీ వస్తే అదే ఆధారం.