“చూపున్నకాడ”నా, “చూపినకాడ”నా?

(మాట్లాడేవారు నలుగురు; పేర్లకు బదులు వారి ఊళ్ళ పేర్లున్నాయి.)

పుట్టపాక: మా తాతగారు నేతలో రంగు అంటకూడని చోట పడుగుకు (నిలువు పోగులకు) రబ్బరు ముడులు కట్టేటప్పుడు అనే మాట ఒకటి నాకు సగమే గుర్తున్నది: “చూపున్నకాడ చెయ్యుండాలె.” మా అక్క మాత్రం అది “చూపినకాడ” అని గట్టిగా చెబుతున్నది. దూరాన కూర్చున్న నిపుణుడి చూపు ఎక్కడ నిలిచిందో, పనిచేసే మనిషికి తెరమీద చుక్కగా కనబరిచే పద్ధతి గురించి వ్యాసం రాస్తూ, ఈ మాటనే శీర్షికగా పెట్టాలనుకుంటున్నాను. ఈ రెండు పాఠాలలో, అంటే మాట రూపాలలో, ఏది తీసుకోవాలి?

నల్లగొండ: “చూపిన” అన్నదే సరైన పాఠం. చూచు ధాతువుకు ప్రేరణరూపం చూపు కనుక, పెద్దవారు చూపించిన చోట నేర్చుకునేవారి చెయ్యి ఉండాలన్న అర్థం సూటిగా వస్తుంది. “చూపున్న” అంటే అది ఎవరి చూపో తేలదు.

వనపర్తి: అన్నగారూ, తేలకపోవడమే ఆ మాటకు బలమని నా అభిప్రాయం. టీ కాచేవారి కళ్ళ కదలికలను దృష్టి శాస్త్రవేత్త మైకేల్ లాండ్ బృందం 1999లో పరిశీలించినప్పుడు, చెయ్యి వస్తువును అందుకోవడానికి సుమారు అర సెకను ముందే చూపు అక్కడికి చేరుతున్నట్టు తేలింది. కనుక పనివారి చూపు అవతలి నిపుణుడికి కనబడితే, తప్పు పోగు మీదికి చెయ్యి పోకముందే ఆపవచ్చు. మీ పాఠంలో గురువు చూపుకే చోటున్నది. “చూపున్న”లో ఇద్దరి చూపులూ ఇముడుతాయి.

పాలమూరు: ఫోనులో “ఇది కాదు, అది” అని ఎంత చెప్పినా అవతలివారికి ఏదో తెలియని బాధ నాకు అనుభవమే. ఇందు, అందు అన్న మాటలను పోతన ప్రహ్లాదుడంత నిండుగా పలికినవారు లేరు. ఆ కందంలోని “వెదకి చూచిన”లో చూచుట కంటిపనా, లేక “చేసి చూడు”లో వలె ప్రయత్నమా అన్నది నన్ను ఏళ్ళుగా వదలని సందేహం. నేను కంటిపనే అంటాను.

నల్లగొండ: అక్కడ అది ప్రయత్నార్థకమే. ఇక చూపు సంగతికి వస్తే, కన్ను సెకనుకు సుమారు మూడుసార్లు చోటు మారుతుంది కాబట్టి చూసిన ప్రతి చోటా చూపించినట్టు కాదు. తెరమీది చుక్క అదే తీరున గంతులు వేస్తే పనివారు దేనిని పట్టుకోవాలి? అందుకే “చూపిన” అని పట్టుబడుతున్నాను.

పుట్టపాక: తాతగారి రెండు చేతులూ నూలు మీదే ఉండేవి కనుక ఆయన వేలు చాచి చూపించిన సందర్భం నాకు గుర్తులేదు. పడుగు మీది బొగ్గు గీతను అట్లే చూస్తూ ఉండేవారు. ఆ చూపు కదలకుండా నిలిచినప్పుడే నేను అక్కడ ముడి వేసేదాన్ని. ఆయన చూపించినది కూడా చూపుతోనే గదా! అక్కను మళ్ళీ అడిగాను. తాతగారు ముడి బిగిస్తూ, ఊపిరి బిగబట్టి ఆ మాట అనేవారని, ఆ నడిమి అక్షరం తనకెప్పుడూ సగమే వినబడేదని చెప్పింది.