రెండు రోజులకు సాగర్ పోతున్నాం, అత్తమ్మకు డ్యామ్ చూపించాలి

పాలమూరు అక్క:

అందరికీ నమస్తే. మాది మహబూబ్‌నగర్. వచ్చే శనివారం పొద్దున బయలుదేరి ఆదివారం రాత్రికి ఇల్లు చేరేలా నాగార్జున సాగర్ పోదామని అనుకుంటున్నాం. నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, మా అత్తమ్మ. పోయిన సెలవుల్లో జనం లేని చోటుకు తీసుకుపోతే సాయంత్రానికే పిల్లలు "ఇంటికి పోదాం" అని ప్రాణం తీశారు, అందుకే ఈసారి లాంచీలు, మిర్చి బజ్జీల బండ్లు, నలుగురు మనుషులు తిరిగే ఊరు కావాలి. మా ఆడపడుచేమో సాగర్‌లో రద్దీ తప్ప ఏముంది, కొల్లాపూర్ దగ్గరి సోమశిల పోండి అంటోంది.

అసలు సంగతి వేరే ఉంది. అత్తమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు వాళ్ల నాయన సాగర్ డ్యామ్ పనికి పోయి రాయి మోశాడట. ఇన్నేళ్లలో ఆమె ఒక్కసారి కూడా అటు పోలేదు. మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేదు. డ్యామ్ మీదికి పంపిస్తారా? ఎక్కడ దిగాలి, ఏ పూట ఏది చూడాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

హాలియా కోడలు:

అక్కా, సాగర్ మాకు పక్కనే, చుట్టాలు వచ్చినప్పుడల్లా తీసుకుపోవడమే మా పని. మీకు జడ్చర్ల, కల్వకుర్తి, దేవరకొండ, మల్లేపల్లి మీదుగా దారి. మధ్యలో టిఫిన్‌కు ఆగుతారు కాబట్టి తెల్లవారక ముందే బండి తీయండి.

ముందు డ్యామ్ మాట. మామూలు జనాన్ని పైకి పంపరు, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. కానీ అత్తమ్మకు కావలసింది డ్యామ్ మీద నిలబడటం కాదు కదా, వాళ్ల నాయన మోసిన రాయి చూడటం. దానికి డ్యామ్ కిందివైపు కొత్త బ్రిడ్జి ఉంది, మాచర్ల పోయే దారిలోనే. అక్కడి నుంచి చూస్తే 26 గేట్లూ, ఆ రాతి గోడంతా ఒక్కసారే కంటికి ఆనుతుంది. రాతికట్టు ఒక్కటే 1,450 మీటర్ల పొడుగు. మెట్లు లేవు, కారు దిగి పదడుగులు వేస్తే చాలు. పొద్దున్నే పోండి, ఎండ ఎక్కితే బ్రిడ్జి మీద నిలబడలేరు. 1955 డిసెంబర్‌లో నెహ్రూ శంకుస్థాపన చేస్తే 1967లో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు, ఆ పన్నెండేళ్లలో ఎంతమంది పాలమూరు వాళ్లు అక్కడ రాయి మోశారో! పని చేసేవాళ్ల కోసం కట్టినవే ఇప్పటి హిల్ కాలనీ, పైలాన్ కాలనీ. అత్తమ్మను పైలాన్ కాలనీ వీధుల్లో ఒక రౌండ్ కారులోనే తిప్పండి, వాళ్ల నాయన చెప్పిన మాటలు ఏవైనా గుర్తొస్తాయేమో.

ఇక లాంచీ. హిల్ కాలనీ వైపు నుంచి జలాశయం మధ్యలో దీవిలా ఉన్న నాగార్జునకొండకు పోతుంది, నీళ్ల మీద దాదాపు గంట. కొండ మీద మ్యూజియం శుక్రవారం మూసి ఉంటుంది, మీరు శనివారం వస్తున్నారు కాబట్టి పరవాలేదు. డ్యామ్ నీళ్లలో లోయ మునిగే ముందు తవ్వి తీసిన ఇక్ష్వాకు రాజుల కాలం శిల్పాలు అక్కడే ఉన్నాయి. దిగాక కొంత ఎక్కుడు ఉంటుంది, అత్తమ్మను నెమ్మదిగా నడిపించండి, లేదంటే ఒడ్డున నీడలో కూర్చోబెట్టండి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, చాలినంత జనం రాకుంటే లాంచీ కదలదు. ఒకసారి మా తమ్ముడు వాళ్లు మధ్యాహ్నం దాకా టికెట్ కిటికీ దగ్గర కూర్చొని ఊరికే తిరిగొచ్చారు. కాబట్టి చేరగానే మొదటి పని అదే.

బస హిల్ కాలనీలో తీసుకోండి. టూరిజం వాళ్ల విజయ విహార్ జలాశయానికి ఎదురుగా ఉంటుంది, ముందే బుక్ చేయాలి.

వీకెండ్ డ్రైవర్:

నా మాట వేరు. గేట్లు ఎత్తకుంటే సాగర్ సగమే. పైన శ్రీశైలం నిండి వరద కిందికి వస్తేనే ఇక్కడ నిండుతుంది, మట్టం 590 అడుగులకు చేరువైతే గేట్లు లేపుతారు. ఎక్కువగా ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో. అప్పుడు పోవాలి. తుంపర మొహం మీద పడుతుంటే ఆ చప్పుడులో పక్కవాడి మాట కూడా వినబడదు.

హాలియా కోడలు:

అన్నా, ఆ వారాంతంలో పెద్దమనిషిని తీసుకొచ్చి చూడండి, బ్రిడ్జికి ఇంకా రెండు కిలోమీటర్లు ఉండగానే కార్లు ఆగిపోతాయి, వెనక్కీ పోలేరు ముందుకీ పోలేరు. ఎండలో రెండు గంటలు ఆమె కాళ్లు ముడుచుకొని కూర్చోవాలి. పైగా గేట్లు ఎత్తితే గోడ కనబడదు, నీళ్లే కనబడతాయి. ఆమె వచ్చేది గోడ కోసం.

కొల్లాపూర్ పిలగాడు:

సోమశిల మాది, అయినా నిజం చెప్తా. శ్రీశైలం వెనుక జలాలు, ముంపు నుంచి తరలించి కట్టిన సోమేశ్వరాలయం, సాయంత్రం కృష్ణ మీద ఎర్రటి ఎండ, చాలా బాగుంటుంది. కానీ బజ్జీల బండ్లు, సందడి అడిగితే సాగరే. మామిడి కాలంలో మా దిక్కు రండి, అప్పుడు పిల్లలు ఇంటికి పోదామని అనరు.

వీకెండ్ డ్రైవర్:

సరే, గోడ సంగతి ఒప్పుకుంటున్నా. అయితే ఆదివారం ఎత్తిపోతల జలపాతం వదలొద్దు, మాచర్ల రోడ్డులో డ్యామ్ నుంచి పదకొండు కిలోమీటర్లు. చంద్రవంక వాగు 70 అడుగుల పైనుంచి దూకుతుంది, పై నుంచే కనబడుతుంది కాబట్టి దిగే పని లేదు. సాగర్‌లోనే ఉన్న బౌద్ధ పార్కు బుద్ధవనం 274 ఎకరాలు, అంతా తిరగాలని చూడకండి, మహాస్తూపం చూసి బయటపడండి.

పాలమూరు అక్క:

పోయి వచ్చాం, చెప్పకుంటే బాగుండదని రాస్తున్నా. లాంచీ దొరికింది, పిల్లలకు అదే పండుగ, చిన్నోడు మ్యూజియంలో కంటే లాంచీ ఇంజిన్ దగ్గరే ఎక్కువసేపు ఉన్నాడు. శనివారం రాత్రి రోడ్డు పక్కన చేపల వేపుడు తిన్నాం, కారం మా ఆయనకే ఎక్కువైంది. బుద్ధవనం ఎండకు వదిలేశాం.

ఆదివారం ఏడు గంటలకల్లా బ్రిడ్జి మీద ఉన్నాం. గేట్లు మూసే ఉన్నాయి. అత్తమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, ఏడుస్తుందేమో అనుకున్నా. తర్వాత ఈ చివర నుంచి ఆ చివరకు వేలు పెట్టి చూపించి "ఇంత పెద్దదని మా నాయన ఎప్పుడూ చెప్పలేదు, కూలి డబ్బులు సరిగా ఇచ్చేవాళ్లు కాదని మాత్రం చెప్పేవాడు" అంది. దారి పొడుగునా అదే మాట మీద ఉంది, కల్వకుర్తి దాటాక నిద్రపోయింది.